విమాన దూరాలు చెప్పే వెబ్‌సైట్: కిలోమీటర్లు సరే, గంటలే తేడా

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరాన్నీ, ప్రయాణ సమయాన్నీ చెప్పే ఒక ఉచిత వెబ్‌సైట్‌ను రెండు నెలలుగా వాడుతున్నాను. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుంచి, బెంగళూరు వెళ్లవలసి వచ్చిన ప్రతిసారీ కారా, విమానమా అన్న చర్చ మా కర్నూలు ఇంట్లో తప్పడం లేదు.

దూరం విషయంలో ఈ వెబ్‌సైట్‌ను తప్పుపట్టలేను. భూగోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని లెక్కగట్టి ఓర్వకల్లు నుంచి బెంగళూరు విమానాశ్రయానికి 283 కిలోమీటర్లనీ, విశాఖకు 583 కిలోమీటర్లనీ చూపింది; అక్షాంశ రేఖాంశాలతో నేను కాగితం మీద వేసిన లెక్క కూడా దాదాపు అంతే వచ్చింది.

చిక్కంతా సమయంతోనే. బెంగళూరుకు 51 నిమిషాలు చాలంటుంది. పెద్ద జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుని, పైకి లేవడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపితే వచ్చే అంకె అది. ఓర్వకల్లు రన్‌వే పొడవు 2,000 మీటర్లే కనుక, ఇక్కడికి వచ్చేవి రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్-72 విమానాలు, వాటి వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ వేగంతో లెక్కిస్తే బెంగళూరుకు గంటా నాలుగు నిమిషాలు పడుతుంది. విశాఖకైతే వెబ్‌సైట్ చెప్పే గంటంబావు కాస్తా గంటా నలభై నిమిషాలవుతుంది. దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతున్నా, ఏ రకం విమానమో ఎంచుకునే వీలు అందులో లేదు.

అసలు విమానం ఉందో లేదో కూడా దానికి పట్టదు. పుట్టపర్తి అని ఇస్తే 178 కిలోమీటర్లు, 43 నిమిషాలు అని ధీమాగా చెప్పింది. ఆ విమానాశ్రయం నుంచి ప్రయాణికులకు రోజువారీ విమానాలు నడవవన్న సంగతి మా అనంతపురం బంధువులను అడిగితే ఒక్క మాటలో చెప్పేవారు.

ఇంటి నుంచి ఓర్వకల్లుకు అరగంట ప్రయాణం, విమానానికి గంట ముందే చేరుకోవడం, దిగాక బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నుంచి నగరంలోకి ట్రాఫిక్‌లో మరో గంటా గంటన్నర కలుపుకుంటే 51 నిమిషాల ప్రయాణం నాలుగు గంటలకు చేరుతుంది. కారులో ఎన్‌హెచ్-44 మీద వెళ్తే అయిదారు గంటలు. పైగా బెంగళూరు విమానాశ్రయం ఆ రహదారి పక్కనే, నగరానికి ఇవతలే ఉంది కనుక, అక్కడ మరో విమానం ఎక్కవలసిన కర్నూలు వారికి కారు ప్రయాణంలో నగర ట్రాఫిక్ బెడద ఉండదు. ఈ పోలిక వెబ్‌సైట్‌లో దొరకదు.

అయిదుకు మూడు మార్కులు ఇస్తున్నాను, అవి మూడూ దూరానికే. సమయం కావాలంటే అది చూపిన కిలోమీటర్లను 500తో భాగించి అరగంట కలుపుకుంటున్నాను.