ఖాళీ పెట్టె బరువు చూశాకే ధర చూడండి: మలావీలో వాడి చూసిన ప్రయాణ సామాను

పెట్టె కొనడానికి వెళ్లినవారు చక్రాలు తిప్పి చూస్తారు, లోపలి అరలు లెక్కపెడతారు, ధర దగ్గర బేరమాడతారు. ఖాళీ పెట్టెను కాటా మీద పెట్టమని అడిగేవారు తక్కువ. దూరదేశానికి ఏళ్ల తరబడి సేవకు వెళ్లేవారు మొదట అడగవలసింది అదే. నా టికెట్టు ప్రకారం విమానంలో వేసే సామాను రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదు. చేతిసంచి 7 కిలోలు. శ్రీకాకుళం జి.టి. రోడ్డులోని ఒక దుకాణంలో నాకు చూపించిన పెద్ద సూట్‌కేసు ఖాళీగానే ఐదు కిలోలు తూగింది. ఇరవై మూడింటిలో ఐదో వంతుకు పైగా పెట్టెకే పోతే ఇక పుస్తకాలు, పప్పులు, బూట్లు ఎక్కడ పెట్టుకోవాలి?

నేను నర్సును. ఆఫ్రికాలోని మలావీలో ఒక మిషన్ ఆసుపత్రిలో రెండేళ్లకు పైగా పనిచేసి వచ్చాను. ప్రయాణ ఖర్చులో చాలా భాగం మా చర్చి సంఘంవారి కానుకలే. పలాస వైపు జీడిపిక్కలు ఒలిచి కూలి తెచ్చుకునే అక్కలు కవరులో పెట్టి ఇచ్చిన డబ్బుతో పదివేల రూపాయల సూట్‌కేసు కొనడానికి నాకు చేతులు రాలేదు. చవకగా దొరకాలి, నాలుగు వానాకాలాలు ఆగాలి. ఈ రెండు షరతులతోనే కొన్నాను. ఈ సమీక్ష కూడా ఆ లెక్కలోనే చదువుకోండి.

చివరికి తీసుకెళ్లినవి ఒక మధ్యరకం గట్టి సూట్‌కేసు, ఒక పెద్ద డఫెల్ సంచి (చక్రాలు లేని మెత్తటి గుడ్డ సంచి), వీపున వేసుకునే రక్‌శాక్. మూడింటిలో డఫెల్‌కే నా ఓటు. పద్నాలుగు వందలకు కొన్నాను, ఖాళీ బరువు కిలోన్నర లోపే. బట్ట 600 డెనియర్ పాలిస్టర్. ఈ డెనియర్ అనేది నూలు మందం లెక్క. సంచి లోపల అంటించిన చీటీ మీద ఉంటుంది, లేకపోతే దుకాణదారుని అడగాలి. అంతకు తక్కువ మందం ఉన్నది మూలల్లో త్వరగా అరుగుతుంది.

దాని విలువ విమానాశ్రయంలో తెలియదు. నున్నటి నేల మీద సూట్‌కేసు వేలితో తోస్తే పోతుంది, డఫెల్‌ను భుజాన మోయాలి. ఆసుపత్రి దగ్గర బస్సు దిగాక కథ తిరగబడింది. అక్కడి నుంచి ఎర్రమట్టి బాట. సైకిలు వెనక సీటు మీద మనుషుల్ని, సరుకుల్ని చేరవేసేవారు ఉంటారు. ఆ సైకిళ్లను కబాజా అంటారు. సైకిలతను నా డఫెల్‌ను క్యారియర్ మీద అడ్డంగా పడేసి, మోకాలితో నొక్కి, పాత టైరు ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీని రెండు చుట్లు బిగించాడు. ధాన్యం బస్తాలా కదలకుండా కూర్చుంది. సూట్‌కేసును ఎన్నిసార్లు కట్టినా, గుంత వచ్చినప్పుడల్లా పక్కకు జారింది. మిగిలిన దారంతా నేను వెనక నడుస్తూ దాన్ని చేత్తో ఆపుకొన్నాను. ఆ బాట మీద నాలుగు చక్రాలూ అలంకారమే. తొలి వానాకాలానికే ఒక చక్రం బేరింగు బిగుసుకుపోయింది.

అలాగని సూట్‌కేసు వృథా కాలేదు. ఇంట్లో మంచం కింద అది బీరువాగా పనిచేసింది. ఎలుకలు, చెదలు దాని జోలికి రాలేదు. సర్టిఫికెట్లు, పుస్తకాలు, బియ్యం సంచి అందులోనే ఉండేవి. గట్టి పెట్టె ఒకటి చాలు, అది మధ్యరకమే చాలు.

డఫెల్‌లో మొదట పోయింది బట్ట కాదు, జిప్పు. బయలుదేరే ముందు మా వీధి టైలర్ మామయ్య సంచి చూసి, “అమ్మా, గుడ్డ చిరిగితే ఎక్కడైనా కుట్టించుకోవచ్చు. ఈ కొలత జిప్పు అక్కడ దొరుకుతుందో లేదో, ఒకటి పెట్టుకో” అని నల్ల జిప్పు ముక్క, రెండు రన్నర్లు చేతిలో పెట్టాడు. ఆ మాట బంగారం. మలావీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, మిగతా కాలమంతా దుమ్ము. ఆ ఎర్రటి దుమ్ము జిప్పు పళ్లలోకి చేరి రన్నర్‌ను లోపలి నుంచి అరగదీస్తుంది. అరిగాక మనం ఇటు మూస్తూ ఉంటే వెనక నుంచి విచ్చుకుంటూ వస్తుంది. రన్నర్ రెండు పక్కలా కటింగ్ ప్లయర్‌తో కొద్దిగా నొక్కితే మరికొన్నాళ్లు నడుస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి రుద్దడం నెలకోసారి అలవాటు చేసుకున్నాను. అయినా ఏడాది దాటాక మార్చక తప్పలేదు. అక్కడ దుకాణాల అరుగుల మీద తొక్కుడు మిషన్లతో కూర్చునే దర్జీలు ఎందరో. వారిలో ఒకాయన అరగంటలో కొత్త జిప్పు వేసి ఇచ్చాడు. కొనేటప్పుడు జిప్పు వెడల్పు చూడండి. పెద్ద సంచికి 8 లేదా 10 నంబరు ఉండాలి. 5 నంబరు చిన్న పర్సులకే సరిపోతుంది. రన్నర్ వెనక అచ్చువేసిన అంకె కనిపిస్తుంది.

తాళాల విషయం ఒక్క మాట. బాల్‌పెన్ను మొన జిప్పు పళ్ల మధ్య గుచ్చితే తాళం తీయకుండానే సంచి తెరుచుకుంటుంది. కాబట్టి ఖరీదైన అంకెల తాళం దండగ. అమెరికా తనిఖీవారు తెరవగలిగే రకం ఇక్కడివారు మోజుపడి కొంటున్నారు, ఆఫ్రికా వెళ్లేవారికి దానితో పనే లేదు. నేను ఉద్దానం కుర్రాళ్లను చూసి నేర్చుకున్నాను. గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లే ఆ పిల్లలు సామాను కట్టే తీరు ఏ వీడియోలోనూ దొరకదు. నైలాను తాడు నిలువుగా, అడ్డంగా వేసి, ముడి పడిన చోట చేతికి పట్టు వచ్చేలా పేనుతారు. మూడు వైపులా మార్కరుతో పేరు, చేరే ఊరు రాస్తారు. తాడు ముప్పై రూపాయలు.

రక్‌శాక్ మీద మాత్రం డబ్బు పెట్టండి. నడుముకు కట్టే పట్టీ మందంగా ఉంటే బరువు భుజాల నుంచి తుంటికి దిగుతుంది. అద్దె పికప్ వ్యాన్ వెనక నిలబడి వెళ్లే ప్రయాణాన్ని అక్కడ మటోలా అంటారు. అలాంటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నాతో పాటు ఉన్న సోదరి చవక రకం కొన్నది. దాని లోపలి పూత వేడికి, తేమకు జిగురుగా మారి, నల్లటి పొరలుగా రాలి బట్టలకు అంటుకునేది. పాలియురెథేన్ పూతకు తేమ పడదు. మన కోస్తా గాలిలోనూ ఇదే గతి. కొనేముందు లోపల చెయ్యి పెట్టి రుద్ది చూడండి, అంటుకుంటున్నట్టు ఉంటే వదిలేయండి.

గాలి తీసి బిగించే ప్లాస్టిక్ సంచులకు నేను ఒక్క మార్కు కూడా వేయను. అవి పరిమాణం తగ్గిస్తాయి, బరువు తగ్గించవు. సంచిలో చోటు మిగిలింది కదా అని ఇంకా కుక్కుతాం, కాటా మీద అసలు సంగతి బయటపడుతుంది. పైగా ఒక్క సూది బెజ్జం పడితే ఆ సంచికి ఆయువు తీరినట్టే. వాటి బదులు దోమతెర గుడ్డతో టైలర్ మామయ్య దగ్గర జిప్పు సంచులు కుట్టించుకున్నాను. లోపల ఏముందో కనిపిస్తుంది, గాలి ఆడుతుంది, ఉతికితే పది నిమిషాల్లో ఆరుతుంది. అవి ఇప్పటికీ వాడుతున్నాను.

బట్టలు తక్కువ పెట్టుకోండి. అక్కడి సంతల్లో కౌంజికా అనే పాత బట్టల గుట్టలు ఉంటాయి. స్వెట్టరు, కోటు వంటివి మన దగ్గర కంటే చవక. చితెంజె అనే రంగుల వస్త్రం నడుముకు చుట్టుకుంటే అదే లుంగీ, అదే దుప్పటి, అవసరమైతే సామాను మూట కూడా. బూట్లు, లోదుస్తులు, రెండో కళ్లజోడు, సన్న నేత తువ్వాళ్లు మాత్రం ఇక్కడి నుంచే. మందమైన టర్కీ తువ్వాలు వానాకాలంలో ఆరదు, బరువు కూడా.

తిండి దగ్గర అమ్మలు పెట్టే చిక్కు ఒకటి ఉంది. ఉద్దానం వారికి ఎండుకొబ్బరి పెట్టకపోతే బిడ్డను సాగనంపినట్టే ఉండదు. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. పెట్టెలో వేస్తే తనిఖీలో తీసి పక్కన పెడతారు. కారం పచ్చళ్లు చేతిసంచిలో రానివ్వరు, పెట్టెలోనే వేయాలి. మూడు లీటర్ల కుక్కర్ తీసుకెళ్లడం నాకు బాగా కలిసి వచ్చింది, దాని కడుపు నిండా పప్పులు, పోపు దినుసులు సర్దవచ్చు. గాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోండి.

పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు, విమానంలో అనుమతించే 100 లోపే కనుక ఇబ్బంది లేదు. మలావీలో కరెంటు 230 వోల్టులే, ప్లగ్గు మాత్రం బ్రిటిష్ వారి నలుచదరపు మూడు పుల్లలది. నాలుగు ప్లగ్గు అడాప్టర్లు కొనే బదులు ఒక అడాప్టరు, మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి చాలు. తలకు కట్టుకునే లైటు మూడు వందలకు కొన్నాను. కరెంటు పోయిన రాత్రుల్లో వార్డులో సెలైన్ ఎక్కించడానికి అది లేకపోతే చెయ్యి ఆడేది కాదు.

పాస్‌పోర్టుతో పాటు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డును మెడలో వేసుకునే బట్ట సంచిలో పెట్టండి, పెట్టెలో వద్దు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది.

దేశంలోపలి విమానానికి వేరే టికెట్టు కొంటే మామూలుగా 15 కిలోలే ఉచితం. విశాఖ నుంచి ముంబైకి అలా వెళ్తే మిగిలిన బరువుకు కట్టే రుసుముతో ఇంకో డఫెల్ వస్తుంది. అందుకే ముంబై దాకా వెళ్లడానికి నేను ఆమదాలవలసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. థర్డ్ ఏసీలో 40 కిలోల దాకా ఉచితం, అంతకు మించిన బరువును స్టేషన్‌లో బుక్ చేయించాను.

కొన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది చేత్తో వేలాడదీసి తూచే డిజిటల్ కాటా, మూడు వందల రూపాయలు. 22.5 దగ్గర ఆపేసేదాన్ని, విమానాశ్రయం కాటాలు అర కిలో అటూఇటూ చూపిస్తాయి. ఇప్పుడు అది పాస్టరమ్మగారి ఇంట్లో ఉంది. వచ్చే నెల జాంబియా వెళ్లే దంపతులు అడిగి పట్టుకెళ్లారు, బ్యాటరీ మాత్రం వారినే వేసుకోమన్నాను.