చీర నిలువునా కనపడాలి: ఇన్‌స్టాగ్రామ్ ఫోటోల పేజీ గురించి ఒక చీరల కొట్టావిడ మాట

మంగళగిరిలో ఇంటి ముందుగదిలోనే నేత చీరలు అమ్ముతాను. గుమ్మానికి బోర్డు లేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీయే నా బోర్డు. కాబట్టి ఆ యాప్‌ని నేను చూసేది ఒకటే లెక్కన: వేలితో జరుపుకుంటూ పోయే మనిషి కంటికి నా చీర ఆనుతోందా లేదా?

2025 జనవరిలో ప్రొఫైల్ పేజీలో చదరపు గళ్లు తీసేసి నిలువు గళ్లు పెట్టినప్పుడు చాలామంది తిట్టిపోశారు. తొమ్మిది గళ్లు కలిస్తే ఒకే బొమ్మ వచ్చేలా పేర్చుకున్నవాళ్ల కష్టం చెదిరిపోయింది మరి, కోపం రాదా? నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. 2010లో యాప్ మొదలైనప్పుడు ఫోటో అంటే చదరమే. 2015లో నిలువువీ అడ్డంవీ పెట్టుకోనిచ్చారు గానీ పేజీలో గళ్లు చదరంగానే ఉండిపోయాయి. మంగళగిరి చీరకి ఒళ్లంతా పూలుండవు. సాదా రంగు, అంచున జరీ, చెంగున చారలు, అంతే దాని అందం. చదరపు గడిలో పైనా కిందా తెగిపోతే ఆ అంచే పోతుంది, మిగిలేది ఉత్త రంగు గుడ్డ. ఇప్పుడు గడి వెడల్పు మూడు పాళ్లయితే ఎత్తు నాలుగు. భుజం నుంచి కుచ్చిళ్ల దాకా చీర నిలబడి కనిపిస్తుంది.

లోపలికి వెళ్లి చూడ్డం దగ్గర కొంచెం తెలివి వాడాలి. రెండు వేళ్లతో విడదీస్తే ఫోటో పెద్దదవుతుంది, వేళ్లు తీస్తే మళ్లీ మామూలే. పోగు చూసి కొనే ఆడవాళ్లకి ఆ కాసేపు చాలదు. అందుకని రెండో ఫోటో ఎప్పుడూ అంచుదే, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తాను. జరీ ఎంత వెడల్పో అడగక్కర్లేదు. 2024 నుంచి ఒక్క పోస్టులో ఇరవై ఫోటోల దాకా పెట్టొచ్చు, నేను అయిదు దాటను. కింద ఉండే ఆ చిన్న చుక్కలు చూసి పక్కన ఇంకా ఫోటోలున్నాయని పోల్చుకునేవాళ్లు తక్కువ. మొదటి ఫోటో మీదే "పక్కకి జరపండి" అని రాసేస్తాను.

ఇంకో సంగతి. ఫోన్ గ్యాలరీలో రెండుసార్లు తడితే ఫోటో పెద్దదవుతుంది, ఇక్కడ అలా తడితే లైకు పడుతుంది. మా వీధి పిన్నిగారు అంచు చూద్దామని తడితే తెర మీద గుండె బొమ్మ ఎగిరింది. "అయ్యో, ఏం నొక్కేశానే అమ్మాయ్! డబ్బులు పోతాయా?" అని ఫోను నా చేతిలో పెట్టేసింది. నా లైకుల్లో సగం ఇలాంటివేనని నా అనుమానం.

మధ్యలో మా మేనల్లుడు ఇంకో ఫోటోల యాప్ పెట్టించాడు. పేరెందుకులెండి. చూపులకి బాగుంది, పొట్టీ పొడుగూ ఫోటోలు రెండు వరసల్లో పారుతూ ఉంటాయి. కానీ ఒక చీర తెరిచి చూసి వెనక్కొస్తే మొదటికే తీసుకుపోతుంది. ముప్పయ్యో చీర దాకా వచ్చినావిడ మళ్లీ ఒకటి నుంచి జరుపుకుంటూ రావాలంటే వస్తుందా? అదైనా సరిపెట్టుకుందును. ఫోటో కింద రాసే తెలుగులో వత్తులు తెగిపోతున్నాయి! వరసకీ వరసకీ మధ్య ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేంత జాగా వదిలి ఊరుకున్నారు. మనకేమో అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుందాయె. "కుప్పడం పట్టు" అని రాస్తే తెర మీద "కుపడం పటు" అని వచ్చింది. "ఈ పటు ఏం రకమండీ, కొత్తగా వచ్చిందా?" అని ఫోన్ చేసి అడిగిందొకావిడ.

మేనల్లుడు మొన్న కూడా అడిగాడు, "అత్తా, దసరా సరుకు అందులో పెట్టలేదేం?" అని.

"ముందు వత్తులు పెట్టమను, తర్వాత నేను చీరలు పెడతా" అన్నాను.