శాన్ డియేగో నుంచి ఎన్సెనాడాకు అద్దె కారు: కొన్నేళ్ల వాడకం తర్వాత

అమెరికాలోని శాన్ డియేగో నుంచి సరిహద్దు దాటి, మెక్సికోలోని టిహువానా చూసి సాయంత్రానికి తిరిగి వచ్చేయాలనుకునేవారికి అద్దె కారు దండగ. బ్లూ లైన్ ట్రాలీ రైలు ఎక్కి సరిహద్దు దగ్గరి శాన్ యిసీడ్రోలో దిగి, నడిచి దాటడమే సుఖం. రోసారిటో దాటి ఎన్సెనాడా వైపో, ద్రాక్షతోటల గ్వాడలూపే లోయ వైపో వెళ్లాలంటే మాత్రం కారు ఉండాల్సిందే. మా కారులో అందరం పట్టం కాబట్టి, ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా పెద్ద కారు అద్దెకు తీసుకుని, ఈ ఊళ్లన్నీ ఉన్న మెక్సికో రాష్ట్రం బాహా కాలిఫోర్నియాకు తీసుకెళ్లడం కొన్నేళ్లుగా అలవాటైంది. కంపెనీలు మారాయి, కార్లు మారాయి. కౌంటరు దగ్గరి తంతు మాత్రం మారలేదు.

చాలా అద్దె కంపెనీలు మెక్సికోలోకి కారు తీసుకెళ్లనివ్వవు. అనుమతించేవి కూడా అన్ని శాఖల్లో, అన్ని రకాల కార్లకు అనుమతించవు. ఖరీదైన కార్లకు, పెద్ద వాహనాలకు ముందే తలుపులు మూసేస్తారు. సరిహద్దు నుంచి ఇన్ని మైళ్లు దాటకూడదన్న షరతు కూడా ఉండవచ్చు. ఒక కంపెనీ వాళ్లు ఫోనులో నిక్షేపంగా తీసుకెళ్లవచ్చని చెప్పి, తీరా సామాన్లతో వెళ్లాక ఈ శాఖలో ఆ వీలు లేదన్నారు. మామయ్యగారు అక్కడే కుర్చీలో కూర్చుని, వాళ్ల మేనేజరు వచ్చేదాకా కదలనన్నారు. మేనేజరు వచ్చారు, కారు మాత్రం రాలేదు. అప్పటి నుంచి కంపెనీ పెద్ద నంబరుకు కాకుండా, కారు తీసుకునే శాఖకే ఫోన్ చేసి, అనుమతి సంగతి ఈమెయిల్‌లో రాయించుకుంటున్నాను.

ఇక బీమా. అమెరికా బీమా మెక్సికోలో చెల్లదు. ఎదుటివారికి జరిగే నష్టానికి మెక్సికో కంపెనీ బీమా ఉండి తీరాలని అక్కడి చట్టం. ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదో తేలేదాకా డ్రైవరును ఆపి ఉంచే అవకాశం ఉంది కాబట్టి, న్యాయ సహాయం, పూచీకత్తు కూడా అందులో కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. అద్దె కంపెనీ దగ్గర కొంటే దీని ఖరీదు కొన్నిసార్లు కారు అద్దెకు దగ్గర దగ్గరగా వచ్చింది. బయట చవగ్గా దొరుకుతుంది కదా అనిపిస్తుంది. కానీ వ్యక్తిగత కార్లకు అమ్మే పాలసీలన్నీ అద్దె కార్లకు వర్తించవు. వర్తించినా కౌంటరులో ఒప్పుకోకపోవచ్చు. క్రెడిట్ కార్డు ఇచ్చే రక్షణ మెక్సికోలో పనిచేస్తుందో లేదో కార్డు కంపెనీనే అడిగి తెలుసుకోవాలి. పనిచేసినా అది మన అద్దె కారుకు జరిగిన నష్టానికే, ఎదుటివారి నష్టానికి కాదు.

ఆ బీమా కాగితం మీద కారు నంబరు ప్లేటు అంకెలు ఉంటాయి. మా విషయంలో ఒకసారి పాలసీ అచ్చు వేశాక, ఆ కారు ఇంకా కడగలేదని పక్కనున్న మరో కారు తాళం ఇచ్చారు. రంగు అదే, మోడల్ అదే. ప్లేటు వేరు. సరిచూసి మళ్లీ రాయించేసరికి అరగంట పట్టింది, వెనుక వరుసలో ఉన్నవాళ్ల చూపులు వేరే. అయినా గేటు దాటకముందే కారు వెనుక నిలబడి, కాగితాన్ని ప్లేటు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడటం నేను మానను. కారు ఎవరెవరు నడుపుతారో వాళ్ల పేర్లన్నీ అద్దె ఒప్పందంలోనూ ఉండాలి. కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం ఫోనులో కాకుండా చేతిలో ఉంటే మంచిది.

మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ, గ్రీన్ కార్డు గానీ ఉంటే భారత పాస్‌పోర్టుకు మెక్సికో వీసా అడగదు. హెచ్-1బి ఉద్యోగ అనుమతి పొడిగింపు వచ్చినా పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయినవారు మాత్రం ఆగాలి. ముప్పై రోజుల లోపు తిరిగి వచ్చేవారిని ఐ-94 అనే అమెరికా ప్రవేశ రికార్డు చూసి అమెరికా రానిచ్చే నిబంధన ఉంది, నిజమే. అది తిరుగు దారికి సంబంధించినది. వెళ్లే దారిలో మెక్సికో తన లెక్క తను చూసుకుంటుంది, దానికి విడిగా వీసా కావాలి. ఈ రెండింటినీ కలగలిపి ధైర్యంగా బయలుదేరేవారు నాకు చాలామందే తెలుసు. అటు దాటాక ఎఫ్ఎంఎం అనే ప్రవేశపత్రం కారు దిగి అడిగి తీసుకోవాలి. ఎవరూ పిలిచి ఇవ్వరు. బాహాలో కారుకు తాత్కాలిక దిగుమతి పర్మిట్ అక్కర్లేదు. ప్రధాన భూభాగంలో లోపలికి వెళ్లాలంటే కావాలి, అద్దె కారుతో ఆ జోలికి నేను పోలేదు.

ఇంత గొడవ పడి ఎందుకు వెళ్లడమంటే, ఎన్సెనాడాకు తీరం వెంట వెళ్లే 1డి టోల్ రోడ్డు కోసం. టిహువానాలో సరిహద్దు కంచె పక్కనే కొంతదూరం సాగి, ప్లాయాస్ దగ్గర మొదటి టోల్ గేటు దాటితే కుడివైపు పసిఫిక్ తోడవుతుంది. ప్లాయాస్, రోసారిటో, సాన్ మిగెల్, ఇవీ మూడు టోల్ గేట్లు. డాలర్లు తీసుకుంటారు, చిల్లర పెసోల్లో ఇస్తారు. సాల్సిపుయెదెస్ దగ్గర 2013 డిసెంబరులో ఈ రోడ్డులో ఒక భాగం కుంగి సముద్రం వైపు జారిపోయింది. బాగుచేసి తెరవడానికి దాదాపు ఏడాది పట్టింది. అక్కడ పెద్దవాళ్లు నడిపేవారిని మాటల్లో పెట్టకుండా ఉంటే చాలు.

కారు ఎంపికలో నా సలహా ఒక్కటే: నేలకు ఎత్తుగా ఉన్నది తీసుకోండి. ఊళ్లలో స్పీడు బ్రేకర్లు మన ఊరి వాటికి ఏమాత్రం తీసిపోవు, కొన్నిటికి రంగు కూడా ఉండదు. ఒకసారి తక్కువ అద్దెకు వచ్చిన సెడాన్ తీసుకుంటే, నిండా మనుషులతో రోసారిటోలో ప్రతి స్పీడు బ్రేకరు మీదా దాని కడుపు రాసుకుంది. కారు అడుగుభాగానికీ, టైర్లకూ తగిలే దెబ్బలను చాలా ఒప్పందాలు బీమా నుంచి తప్పిస్తాయి. గ్వాడలూపే లోయలో చాలా తోటలకు మట్టిదారే గతి, మట్టిదారిలో నడపకూడదని ఒప్పందాల్లో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మేము తారురోడ్డుకు ఆనుకుని ఉన్న తోటలతోనే సరిపెట్టుకుంటాం. పెట్రోలు బంకులో సిబ్బందే పోస్తారు. ఆకుపచ్చ పంపు మామూలు పెట్రోలు, ధర లీటరుకు. మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూశాకే పోయమనండి.

ఎన్సెనాడా దాటాక లా బుఫదోరా దగ్గర రాతి చీలికలోంచి సముద్రపు నీరు ఎగజిమ్ముతుంది. పిల్లలకూ పెద్దలకూ నచ్చింది. చేపల టాకోల ఊరు కాబట్టి శాకాహారులకు తిండి కొంచెం కష్టమే. బీన్స్ కూర పంది కొవ్వుతో వండి ఉండవచ్చు, అడగాలి. మేము పులిహోర కట్టుకునే వెళ్తాం.

తిరుగు దారి అసలు పరీక్ష. ముందే తనిఖీ అయి నమోదు చేసుకున్నవారికి ఉండే సెంట్రి అనే త్వరిత వరుసకు నమోదైన కారు కావాలి కాబట్టి అద్దె కారుకు అది లేనట్టే. కాస్త త్వరగా కదిలే రెడీ లేన్ అనే మరో వరుసకు చిప్ ఉన్న గ్రీన్ కార్డు వంటివి కారులో పెద్దలందరి దగ్గరా ఉండాలి. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు ఉన్నారంటే మామూలు వరుసే. ఆదివారం సాయంత్రం అది గంటల వ్యవహారం. చుర్రోలు, దుప్పట్లు, బొమ్మలు అమ్మేవాళ్లు కిటికీ దగ్గరికే వస్తారు. పళ్లు మాత్రం కొని ఒళ్లో పెట్టుకోకండి, అమెరికా అధికారులకు చెప్పి తీరాలి. 3వ నంబరు రోడ్డులో టెకాటే అనే సరిహద్దు ఊరి మీదుగా రావడం మరో దారి. ఆ గేటు 24 గంటలూ తెరిచి ఉండదని గుర్తుంచుకోండి. కారు అప్పగించే సమయాన్ని అదే రాత్రికి కాకుండా మరునాటి ఉదయానికి పెట్టించుకోండి. మెక్సికో బీమాను కూడా అర్ధరాత్రి దాటేదాకా చెల్లేలా రాయించుకోండి, ఎందుకంటే ఆ వరుసలో నిలబడ్డంతసేపూ కారు ఉన్నది మెక్సికోలోనే.