పాత కౌన్సిల్ ట్యాక్స్ బాకీ: నేషనల్ డెట్‌లైన్ సేవపై నా అనుభవం

ఇంగ్లాండులో నలుగురం కలిసి అద్దెకున్న ఇంటి కౌన్సిల్ ట్యాక్స్ (కౌన్సిల్ అనే స్థానిక సంస్థ వసూలు చేసే ఇంటిపన్ను) బాకీ, ఆ ఇల్లు ఖాళీ చేసిన ఎనిమిది నెలలకు, 2024 ఏప్రిల్‌లో నా కొత్త చిరునామాకు వచ్చి చేరింది. వచ్చింది కౌన్సిల్ ఉత్తరం కాదు, బాకీలు వసూలు చేసే బెయిలిఫ్ సంస్థ పంపిన తాఖీదు. మొత్తం 1,318 పౌండ్లు, అందులో 75 పౌండ్లు తమ రుసుము అని, వారంలోగా స్పందించకపోతే మనిషి ఇంటికి వస్తాడని, అప్పుడు మరో 235 పౌండ్లు కలుస్తాయని రాసి ఉంది. సమన్లు, బాకీ కట్టాలని కోర్టు ఇచ్చే లయబిలిటీ ఆర్డర్ అన్నీ పాత ఇంటికే వెళ్ళాయి కాబట్టి వాటిలో ఒక్క కాగితం కూడా నేను చూడలేదు.

మన దగ్గర మున్సిపాలిటీకైనా పంచాయతీకైనా ఇంటిపన్ను కట్టేది ఇంటి యజమాని. ఇక్కడ సాధారణంగా ఇంట్లో ఉండేవాళ్ళే కట్టాలన్న సంగతి చదువుకోవడానికి వచ్చిన మనవాళ్ళకు వెంటనే తట్టదు. నాకూ తట్టలేదు. పైగా మా ఇంట్లో బిల్లుల వ్యవహారమంతా ఒక స్నేహితుడే చూసేవాడు. నెలనెలా నా వాటా అతనికి పంపేవాణ్ణి. అతను కొన్ని వాయిదాలు కట్టి, మిగతావి కట్టకుండానే 2023 వేసవిలో గుంటూరు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కార్డుతో మొత్తం కట్టేసి గొడవ వదిలించుకుందామనే అనుకున్నాను. తోటి ఉద్యోగి ఒకరు ఆపి, ముందు నేషనల్ డెట్‌లైన్‌కు ఫోన్ చేయమన్నారు. ఇది మనీ అడ్వైస్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ నడిపే ఉచిత సలహా సేవ. అప్పు తీర్చిపెడతామని కమిషన్ తీసుకునే కంపెనీలతో దీనికి పోలిక లేదు.

దాదాపు అరగంట లైనులో ఉన్నాక ఒక సలహాదారు మాట్లాడారు. నేను మొత్తం అప్పు గురించి చెప్పబోతుంటే ఆవిడ మధ్యలో ఆపి, టెనెన్సీ అగ్రిమెంట్ దగ్గర పెట్టుకోమన్నారు. నలుగురూ ఒకే అగ్రిమెంట్ మీద సంతకం చేశారా, గదికొక కాగితం ఉందా అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. గది గదికీ వేరు ఒప్పందం ఉన్న ఇల్లయితే సాధారణంగా ట్యాక్స్ పూచీ యజమానిదేనట. మాది ఒకే అగ్రిమెంట్, చివరి పేజీలో నాలుగు సంతకాలు. అలాంటప్పుడు పూచీ ఉమ్మడిది కాబట్టి, కౌన్సిల్ మొత్తం బాకీని మాలో ఎవరినైనా అడగవచ్చని, నాలుగో వంతు కట్టి తప్పుకునే వీలు లేదని ఆవిడ స్పష్టంగా చెప్పారు. వాటాలన్నవి మా నలుగురి మధ్య లెక్కే తప్ప కౌన్సిల్‌కు వాటితో సంబంధం లేదు. వినడానికి ఇబ్బందిగా ఉన్న మాటను మెత్తబరచకుండా చెప్పినందుకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత, "మీ కోర్సు ఏ తేదీన ముగిసింది?" అని అడిగారు. మిగతా ముగ్గురి కోర్సులు 2022 సెప్టెంబరులో ముగిశాయి. నేను జనవరి ఇన్‌టేక్‌లో చేరినవాణ్ణి కాబట్టి నాది 2023 జనవరి 20 వరకు సాగింది. విద్యార్థినని ధ్రువీకరిస్తూ యూనివర్సిటీ ఇచ్చిన కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్‌లో ఆ తేదీ అచ్చై ఉంది. ఫోల్డర్‌లోంచి తీసి చదివి వినిపించాను. ఒకే అగ్రిమెంట్ మీద విద్యార్థి కాని వాళ్ళు కూడా ఉన్నప్పుడు, పూర్తికాలపు విద్యార్థి వాళ్ళ ఉమ్మడి పూచీలోకి రాడని ఆవిడ వివరించారు. అంటే సెప్టెంబరు నుంచి జనవరి వరకు ఉన్న బాకీలో నా పేరు ఉండకూడదు. నేను కార్డు తీసి కట్టబోయిన డబ్బులో ఆ భాగమూ ఉంది.

పాత బాకీ కదా, కాలం చెల్లదా అని కూడా అడిగాను. బిల్లు ఇచ్చిన ఆరేళ్ళలోగా కౌన్సిల్ కోర్టుకు వెళ్ళాలని, ఒకసారి లయబిలిటీ ఆర్డర్ వచ్చాక ఇంగ్లాండులో వసూలుకు కాలపరిమితి లేదని చెప్పారు. వీసా గురించి నేను అడగకముందే ఆవిడే ప్రస్తావించారు. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ పబ్లిక్ ఫండ్స్ (చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు) కిందికి వస్తుంది కాబట్టి, నా వంటి వీసా ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. విద్యార్థి మినహాయింపు, ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇచ్చే 25 శాతం తగ్గింపు మాత్రం ఆ లెక్కలోకి రావు. ఈ తేడా తెలియక హక్కుగా వచ్చే మినహాయింపును కూడా భయపడి వదులుకున్న మనవాళ్ళను నేను స్వయంగా చూశాను.

బెయిలిఫ్ వచ్చినా తలుపు తీయనక్కరలేదని, కౌన్సిల్ ట్యాక్స్ కోసం మొదటిసారి వచ్చినప్పుడు బలవంతంగా లోపలికి రాలేరని ఆవిడ చెప్పాకే ఆ వారం నిద్రపోగలిగాను.

ఈ సేవలో లోటు అనదగ్గది ఒకటుంది. మన తరఫున కౌన్సిల్‌కు వాళ్ళు ఫోన్ చేయలేదు, ఉత్తరం రాయలేదు. వెబ్‌సైట్‌లో ఉన్న నమూనా ఉత్తరం చూపించి, అందులో ఏ తేదీలు ఎక్కడ రాయాలో చెప్పారు. రాసి పంపే పని నాదే. ఇంగ్లీషులో ఉత్తరం రాయడం కష్టమైనవాళ్ళు, ఎదురుగా కూర్చుని కాగితాలు చూపించాలనుకునేవాళ్ళు తమ ఊళ్ళోని సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ కార్యాలయానికి వెళ్ళడం మేలని నా అభిప్రాయం.

సర్టిఫికెట్ ప్రతి జతచేసి కౌన్సిల్‌కు రాశాను. వసూలు నిలిపి ఉంచమని, విద్యార్థిగా ఉన్న కాలపు బాకీని నా పేరు మీది నుంచి తీసేయమని కోరాను. రెండు నెలల్లో జవాబు రాకపోయినా, కాదన్నా కౌన్సిల్ ట్యాక్స్ వివాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రైబ్యునల్‌కు ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చని సలహాదారు చెప్పి ఉన్నారు కానీ ఆ అవసరం రాలేదు. ఆరు వారాలకు సవరించిన లెక్క వచ్చింది. బెయిలిఫ్ రుసుము పోయింది, నా మీద మిగిలింది 784 పౌండ్లు. నెలకు 98 పౌండ్ల చొప్పున ఎనిమిది వాయిదాలకు ఒప్పుకున్నారు. 2025 ఫిబ్రవరిలో చివరి వాయిదా కట్టాను. స్నేహితుల్లో ఇద్దరు తమ వంతు 196 పౌండ్లు చొప్పున పంపారు. గుంటూరు నుంచి ఇంకా రావాలి.

ఫోన్ చేయదలచినవాళ్ళు టెనెన్సీ అగ్రిమెంట్, యూనివర్సిటీ సర్టిఫికెట్, తాఖీదు మీద ఉన్న అకౌంట్ నంబరు, ఇంట్లో చేరిన తేదీ, వదిలిన తేదీ దగ్గర పెట్టుకోండి. నా విషయంలో 1,318 పౌండ్లు 784కు దిగింది ఆ కాగితాల మీది తేదీల వల్లనే.