కనిగిరి వైపు తొలి రాక్ క్లైంబింగ్: 1,800 రూపాయలకి ఏమిచ్చారు, ఏమివ్వలేదు

రాయి నాకు కొత్త కాదు. మాది చీమకుర్తి. మా నాన్న ముప్పై ఏళ్ళు క్వారీలో డెరిక్ (బండలు ఎత్తే క్రేన్) దగ్గర పనిచేశాడు. నేను పాలిషింగ్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. పొద్దున లేస్తే బ్లాకులు, స్లాబులు, లారీలు. కానీ కొండని అంటిపెట్టుకుని ఉన్న రాయిని చేత్తో పట్టుకుని పైకెక్కడం మాత్రం మొన్న డిసెంబర్‌లో ఒక ఆదివారమే మొదలు. ఒంగోలు నుంచి ఒక చిన్న బృందం నడిపే ఒకరోజు ట్రిప్ అది. మనిషికి 1,800 రూపాయలు. వెళ్దామా వద్దా అని ఆలోచించేవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు తాడు గురించి చెప్పాలి. క్వారీలో నాన్న రోజూ పని మొదలుపెట్టే ముందు ఇనుప తాడు మీద గుడ్డపీలిక పట్టి చివరిదాకా లాక్కుంటూ వెళ్ళేవాడు. ఎక్కడైనా ఒక్క తీగ తెగి ఉంటే గుడ్డ తగులుకుంటుంది. అక్కడ ఆగేవాడు. చిన్నప్పుడు క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఈ ట్రిప్‌లో గుట్ట దగ్గరికి చేరగానే మా ట్రైనర్ చేసిన మొదటి పని అదే. రంగురంగుల తాడుని సంచిలోంచి తీసి, మూర మూరా వేళ్ళ మధ్య నుంచి పోనిస్తూ నేల మీద పరిచిన పట్టా మీద వేసుకుంటూ పోయాడు. పద్నాలుగు మందిమి చుట్టూ నిలబడ్డాం, సెల్ఫీలు దిగుతున్నాం, ఆయన తల ఎత్తలేదు. రెండో తాడులో ఒకచోట ఆగి, అక్కడ దాన్ని మడిచి చూశాడు. మంచి తాడు మడిస్తే గుండ్రంగా వంగుతుంది. అది మాత్రం కాగితం మడత పడ్డట్టు చదునుగా నొక్కుకుపోయింది. పైపొర బాగానే ఉంది, లోపలి పోగులు మెత్తబడ్డాయని చెప్పి, ఆ తాడుని వ్యానులో పడేసి ఇంకోటి తెచ్చాడు. నాకైతే టెన్షన్ సగం అక్కడే పోయింది.

వాడేది సాగే రకం తాడు. మా డెరిక్ తాడులా గట్టిగా బిగిసి ఉండదు. మనం జారితే ఆ కుదుపుని సాగి తనలో కలిపేసుకుంటుంది, నడుముకి దెబ్బ తగలదు. తాడుని పైన రాతికి వేరువేరు చోట్ల కట్టిన మూడు పట్టీల మీదుగా వేశారు. ఒకటి వదిలినా మిగతావి ఆపుతాయి. రాతి అంచుకి తాడు ఒరుసుకోకుండా కింద మందపాటి గుడ్డ పెట్టారు. మర బిగించే కొక్కేల మీద 22 కిలోన్యూటన్లని చెక్కి ఉంది. అంటే రెండు టన్నుల పైమాటే. టన్నుల లెక్క రోజూ రాసే మనిషిని కాబట్టి ఆ అంకె నాకు బాగా అందింది.

ఒంగోలులో డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు కింద నా తాడు పట్టుకున్నాడు. ముందెప్పుడూ చూడలేదు. నాకంటే సన్నగా ఉన్నాడు. ట్రైనర్ అది గమనించి, కుర్రాడి వెనక తాడు కొసని తానే పట్టుకుని నిలబడ్డాడు. నేను ముడి వేసుకున్నాను, కుర్రాడు దాన్ని చూశాడు, తాడుని ఆపి పట్టే అతని పరికరం నేను చూశాను, ఇద్దరివీ ట్రైనర్ చూశాడు. "అక్కా, నేను బిలే ఆన్ అనకుండా కాలు పైకి పెట్టొద్దు" అన్నాడు కుర్రాడు. బిలే ఆన్ అంటే నీ తాడు నా పట్టులో ఉంది, ఇక ఎక్కొచ్చు అని. అంత చిన్నవాడు అంత బాధ్యతగా అనేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

దారి నలభై అడుగులు ఉంటుందేమో. మొదటి పదిహేను అడుగులు పగుళ్ళు, అంచులు దొరికాయి. ఆ పైన ఏమీ లేదు, నున్నటి వాలు. అక్కడ నా ఎడమ కాలు కుట్టుమిషన్ తొక్కినట్టు ఆడడం మొదలుపెట్టింది. వేళ్ళతో గోకుతున్నాను, పట్టు దొరకడం లేదు. కింద నుంచి ట్రైనర్ గొంతు వచ్చింది. "చేతులతో లాగొద్దమ్మా. మడమ కిందికి దించండి. అరికాలిని రాతికి అతకనివ్వండి." మడమ దించాను. ముఖం రాతికి జానెడు దూరంలో ఉంది. గరుకు రాయి. పెసరగింజంత పలుగురాతి ముక్కలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, మధ్యలో నల్ల అభ్రకం మెరుస్తోంది. మా ఊరి క్వారీల్లో తీసే నల్ల గెలాక్సీ రాయి ఇలా ఉండదు. దాన్ని గ్రానైట్ అని అమ్ముతాంగానీ భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి, అందులో బంగారు చుక్కల్లా కనిపించేది బ్రాంజైట్ అనే ఖనిజం. మేం రాతికి ఉన్న గరుకంతా అరగదీసి అద్దంలా చేసి అమ్ముతాం. ఇక్కడ నన్ను నిలబెడుతున్నది ఆ గరుకే. బూటు జారలేదు. ఇంకో అడుగు వేశాను. పైకి చేరి కొక్కేన్ని చేత్తో తట్టాను.

ఇవ్వనివి కూడా చెప్పాలి.

వ్యాను చీమకుర్తికి ఐదున్నరకి రావాలి, ఆరున్నర దాటాక వచ్చింది. పొదిలిలో ఇడ్లీలు తినడానికి ఇంకో ముప్పావు గంట. రాతి మీద కాలు పెట్టేసరికి తొమ్మిదిన్నర. డిసెంబరే అయినా పదకొండు దాటాక ఎండ ముఖం మీదే పడింది. రాయి వేడెక్కింది, చేతులకి చెమట పట్టి వేళ్ళు జారిపోతున్నాయి. చివర ఎక్కిన నలుగురు సగం నుంచే దిగిపోయారు. అది వాళ్ళ చేతకానితనం కాదు, పొద్దు చేసిన పని. గంట ముందు మొదలుపెట్టి ఉంటే వాళ్ళూ ఎక్కేవాళ్ళు.

బూట్లు బిగుతుగా ఉండాలి, ఇది నిజంగానే ముఖ్యం. ఐదుగురు ఆడవాళ్ళకి కలిపి ఐదో సైజువి రెండు జతలే తెచ్చారు. ఒకరు దిగి విప్పి ఇస్తే ఇంకొకరు వేసుకోవాలి. బుక్ చేసేటప్పుడు సైజు అడిగి రాసుకున్నారు కదా! బాత్రూం లేదు, గుడ్డ కట్టిన చిన్న మరుగు కూడా లేదు. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆపినప్పుడే పని చూసుకోండి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోలేను. మూడో తాడు దగ్గర ఉన్న చిన్న ట్రైనర్ ఒకమ్మాయి నడుం బెల్టు సరిగా చూడకుండానే ఎక్కమన్నాడు. బెల్టు తుంటి ఎముక కిందికి జారి ఉంది. నేను చూసి పెద్ద ట్రైనర్‌కి చెప్పాను. ఆయన వెంటనే మూడు తాళ్ళ దగ్గరా ఎక్కడం ఆపించి, అందరి బెల్టులూ, ముళ్ళూ మళ్ళీ మొదటి నుంచి చూశాడు. పావుగంట పట్టింది, ఎవరూ విసుక్కోలేదు. తప్పు జరిగింది, ఒప్పుకున్నారు, దిద్దుకున్నారు. అయినా అది నా కంట పడకపోతే? అందుకే అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను, మీ బెల్టు మీరే రెండుసార్లు చూసుకోండి.

మెచ్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. తేనెటీగలు రేగుతాయని, సెంటు పూసుకుని రావద్దని ముందే మెసేజ్ పెట్టారు. పక్క గుట్టకి కొండతేనె పట్టు వేలాడుతోంది. అటు వెళ్ళలేదు, కేకలు వేయనివ్వలేదు. మందుల పెట్టె అందరికీ కనబడేలా పెట్టారు. అవసరమైతే వెంటనే బయల్దేరేలా వ్యానుని రోడ్డు వైపు తిప్పి నిలిపారు. ఫొటోకైనా హెల్మెట్ తీయనివ్వలేదు. పెద్ద ట్రైనర్ తెలంగాణలోని భువనగిరి గుట్ట దగ్గరున్న రాక్ క్లైంబింగ్ బడిలో నేర్చుకున్నాడట. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ తొలి పాఠాలు నేర్చింది కూడా అక్కడే. ఆ మాట వినగానే, ఇన్ని గుట్టలున్న మన జిల్లాలో పిల్లలకి అలాంటి బడి ఒక్కటైనా ఉంటే ఎంత బాగుండును అనిపించింది.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. బాగున్నాయి.

ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. నాన్న అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఎంత ఎత్తు ఎక్కావని అడగలేదు. "తాడు చూశారా?" అన్నాడు. ఫోన్లో నడుము దగ్గర ముడి ఫొటో చూపించాను. రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాడు. బట్టలారేసే తాడు తెప్పించుకుని వేసి చూపించమన్నాడు. ఎనిమిది అంకెలా చుట్టి, వెనక్కి అదే దారిలో పోనిచ్చి బిగించాను. ఒక కొస తన గుప్పిట్లో, ఇంకో కొస నా చేతిలో పెట్టి గట్టిగా గుంజి చూశాడు.

జనవరి ట్రిప్‌కి నా పేరు, మా తమ్ముడి కూతురి పేరు ఇచ్చాను. దానికి నాలుగో సైజు బూట్లు కావాలని ఫోన్ చేసి మరీ చెప్పాను.