సెలెరీకి మట్టికుండీ మేలా, గ్రో బ్యాగు మేలా?

వినాయక చవితి దాటిన దగ్గర నుంచి తెలిసినవాళ్లందరూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదే. రెండు చలికాలాలు మట్టికుండీలోనూ, గ్రో బ్యాగు అనే మొక్కలు పెంచే సంచిలోనూ కాడల కోసం పెంచే కూరమొక్క సెలెరీని పెంచి, ఈ ఏడాది రెండింటినీ పక్కన పెట్టి ఖాళీ పెయింటు బకెట్లకు మారాను కనుక, కారణం వివరంగా చెప్పవలసి ఉంది.

సెలెరీ కొత్తిమీర, వాముల కుటుంబానికి చెందినదే అయినా, పుట్టుకతో చిత్తడి నేలల మొక్క. వేళ్లు పైపైనే పరుచుకుంటాయి కాబట్టి ఒక్కపూట తడి తప్పినా ఓర్చుకోలేదు. ఒకరోజు మట్టి ఆరి మరునాడు ముద్దగా తడిస్తే కాడలు నారపట్టి చేదెక్కుతాయి. అంతకంటే బాధాకరంగా, నీటితో పాటు అందవలసిన కాల్షియం లేత ఆకులకు చేరక మొక్క నడిబొడ్డు నల్లబడి కుళ్లిపోతుంది. దానిని తెగులనుకుని మందు కొట్టడం వృథా. అందుచేత కుండీ అందం, ధర, బరువు అన్నీ తరువాతి మాటలే. తడిని నిలకడగా ఉంచేది ఏది అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

మట్టికుండీ గోడల గుండా నీరు ఆవిరవుతూ వేళ్లను చల్లగా ఉంచుతుంది. 15 నుంచి 21 డిగ్రీల చల్లదనాన్ని కోరే మొక్కకు అది నిజంగా మేలే. కానీ అదే గుణం వల్ల మన డాబాల మీద సాయంత్రానికే మట్టి పొడిబారుతుంది. తీరం దగ్గరి ఊళ్లలో బోరునీరు పోస్తే కుండీ అంచులకు ఉప్పు తెల్లగా పేరుకుంటుంది కూడా. గ్రో బ్యాగు తేలిక, చవక. అయితే నల్లనిది ఎండకు కాగిపోతుంది, పోసిన నీరు అడుగు రంధ్రాల గుండా జారిపోతుంది.

నేను వాడేది ఎమల్షన్ పెయింటు వచ్చిన 20 లీటర్ల తెల్ల బకెట్. బాగా కడిగి, అడుగున కాకుండా, అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో పక్కన నాలుగు రంధ్రాలు చేయాలి. కింద నిలిచిన నీటిని కొబ్బరిపొట్టు మెల్లగా పైకి పీల్చుకుంటుంది. కోనసీమలో కొబ్బరిపొట్టుకు కొదవ లేదు. రంగునీరు పోయేదాకా కడిగి, రెండు పాళ్ల పొట్టుకు ఒక పాలు వర్మీకంపోస్టు కలిపితే చాలు. బకెట్టుకు రెండు మొక్కలు మించకూడదు. లవణాలు పేరుకోకుండా పదిహేను రోజులకొకసారి రంధ్రాల నుంచి పొర్లేదాకా పైనుంచి మంచినీరు పోయాలి. తుపాను వానలకు బకెట్లను చూరు కిందికి చేర్చాలి.

చేపలు వచ్చే థర్మాకోల్ పెట్టెలు వేడిని ఆపుతాయి గానీ ఎండకు పెళుసై విరుగుతాయి. కొన్న సెలెరీ మొదలును నీటిలో పెడితే ఆకులు వస్తాయి, మంచి కాడలు ఆశించలేము.

విత్తనాన్ని మట్టితో కప్పకూడదు, దానికి వెలుతురు కావాలి. మొలకకు రెండు మూడు వారాలు, నారుకు రెండు నెలలు పడుతుంది కాబట్టి సెప్టెంబరులోనే నీడన చల్లి, నవంబరులో నాటుకోవాలి. ఇప్పటికే మట్టికుండీలు కొనుక్కున్నవారు వాటిని పారేయనక్కరలేదు: కింద లోతైన పళ్లెం పెట్టి, అందులో వేలెడు నీరు ఎప్పుడూ ఉండేలా చూసి, మట్టి మీద ఎండుగడ్డి పరిస్తే ఫిబ్రవరి దాకా వెలుపలి కాడలు ఒక్కొక్కటిగా కోసుకోవచ్చు.