జాలీబాయ్ దీవి: తూకం వేయకుండా చూసిన చేపలు

వరంగల్‌లో 20 ఏళ్లుగా చేపలు అమ్ముతున్నాను. బొచ్చె, రవ్వ, కొరమీను ఏది కంటబడినా ముందు ఎంత తూగుతుందో లెక్క వేస్తాను. అలాంటివాడిని సంక్రాంతి తర్వాత అమ్మనూ భార్యనూ వెంటబెట్టుకుని అండమాన్‌లోని జాలీబాయ్‌కి వెళ్లొచ్చాను.

1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో ఇదొక చిన్న దీవి. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) దగ్గరి వండూర్ రేవు నుంచి పొద్దున్నే పడవలు బయలుదేరతాయి. దీన్నీ రెడ్‌స్కిన్ దీవినీ వంతులవారీగా తెరుస్తారు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి.

రేవులో సంచులన్నీ విప్పించారు. ప్లాస్టిక్ కవరు కనిపిస్తే అంతే. అమ్మ తెచ్చిన సకినాలు కవర్లోనే ఉన్నాయి. "ఇంత దూరం మోసుకొచ్చి పారేయాలా నాయనా?" అంది. పారేయలేదు, నా తువ్వాలులో మూటగట్టాం. నీళ్ల సీసాలు అక్కడే అద్దెకు ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే బయానా చేతికొస్తుంది. దీవిలో అంగళ్లు లేవు, తిండి మనమే తీసుకెళ్లాలి. విసుగనిపించింది కానీ ఒడ్డున ఒక్క కాగితం ముక్క కూడా కనబడలేదు. మా మార్కెట్ వెనక కాలువ తలచుకుని సిగ్గుపడ్డాను.

ఇక అడుగున అద్దం బిగించిన పడవ. చిలుక చేప పగడాన్ని కొరుకుతోంది. అది విసర్జించేది ఇసుకేనట, మేం నడిచిన తెల్లటి ఇసుకలో దాని వాటా కూడా ఉందన్నమాట! నీలి అంచుల పెద్ద ఆల్చిప్ప ఒకటి మా నీడ పడగానే మూసుకుంది. నల్లగా, కదలకుండా పడి ఉన్న సముద్ర దోసకాయ అనే జీవిని చూసి మా ఆవిడ ముఖం తిప్పుకుంది. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న షెడ్యూలులోనే (రక్షించాల్సిన జీవుల జాబితా) చేర్చారని చెబితే మళ్లీ వంగి చూసింది. నేను మాత్రం ఒక్క చేపకూ ధర కట్టలేదు.

అసంతృప్తి కూడా ఉంది. టికెట్‌తో వచ్చే అద్దాల పడవ షికారు కళ్లు అలవాటుపడేలోపే ముగిసింది, ఇంకాసేపు చూడాలంటే వేరే డబ్బు కట్టాలి. అద్దం నిండా గీతలే. పగడాలు కొన్నిచోట్ల బూడిద రంగులో చచ్చి ఉన్నాయి. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు ఇక్కడి పగడాలు బాగా దెబ్బతిన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి పెద్ద పడవలోంచి చిన్నదానిలోకి దిగడం కష్టం. అమ్మను ఇద్దరం పట్టుకుని దించాం.

అయిదుకు నాలుగు చుక్కలు నావి. అమ్మనడిగితే రెండే ఇస్తుంది. మనవడి కోసం కొంగున ముడేసుకున్న గవ్వను గార్డు విప్పించి ఒడ్డునే పెట్టించాడు. "ఏ గుడికెళ్లినా పువ్వయినా చేతిలో పెట్టి పంపుతారు, ఇక్కడ గవ్వ కూడా ఇవ్వరా" అని వండూర్ చేరేదాకా సణుగుతూనే ఉంది.